అత్తగారి తీసివేత

ఆ రోజుకి డ్రైవింగ్ మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి కాఫీ. ఏడుంబావుకి ఫోనులో పన్నుల ఆఫీసు వెబ్‌సైటు తెరిచి తన సవరణ రిటర్ను ఎంతవరకు వచ్చిందో చూసుకోవడం. ఎనిమిదింటికి స్నానం, తొమ్మిదింటికి మొదటి పాఠం. వీటిలో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

కిందటేడాది రిటర్నులో 'మీపై ఆధారపడి మీ ఇంట్లో ఉంటున్నవారు' అన్న గడిలో మాస్టారు తన అత్తగారి పేరు రాశారు. ఆవిడ ఉంటున్నది వాళ్ళింట్లోనే కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు. అయితే రిటర్ను పంపిన నెల తర్వాత, ఇంకేదో కాగితం వెతుకుతూ నిబంధనల పుస్తకం తిరగేస్తే, ఏడాదిలో సగం కన్నా ఎక్కువ రోజులు ఇంట్లో ఉన్నవాళ్ళ పేరే రాయాలని కనబడింది. ఆ ఏడాది మొదట్లో అత్తగారు పెద్దకూతురి ఇంట్లో ఉన్నారు. మాస్టారూ, ఆయన భార్యా కేలండరు ముందేసుకుని లెక్కపెడితే తమ ఇంట్లో ఉన్నవి నూట డెబ్భై ఎనిమిది రోజులని తేలింది. అయిదు రోజులు తక్కువ.

ఇంకొకరైతే పుస్తకం మూసేసి నిద్రపోయేవారే. మాస్టారు అలా కాదు. చక్రం తెల్లగీత మీదికి జానెడు వెళ్ళినా వెనక్కి తీసి నిలబెట్టే మనిషి. మర్నాడే సవరణ రిటర్ను పంపారు. అందులో ఉన్న సవరణ ఒక్కటే, అత్తగారి పేరు తీసివేత.

"అమ్మకి మాత్రం చెప్పకండి. కాగితం మీదైనా సరే, పేరు తీసేశారంటే మనసు కష్టపెట్టుకుంటుంది," అంది భార్య.

"నేనెందుకు చెప్తాను? ఆవిడకి తెలిసే దారే లేదు," అన్నారు మాస్టారు.

మూడు వారాలు వెబ్‌సైటు ఏమీ చెప్పలేదు. ఇరవై రెండో రోజున 'అందింది' అంది. ఆ తర్వాత ఆరు వారాల పాటు పొద్దున్నే ఆయన అదే మాట చదువుకుంటూ వచ్చారు. ఈ రోజు మాట మారింది. 'సర్దుబాటు అయింది' అని ఉంది.

"సర్దుబాటు అయిందట! ఎవరితో సర్దుబాటు? నాతో ఎవరూ మాట్లాడనేలేదే?" అన్నారు మాస్టారు, వంటింట్లో ఉన్న భార్యకి ఫోను చూపిస్తూ.

"సర్దుబాటంటే గొడవ పడ్డవాళ్ళకి కదండీ. మీరేమైనా గొడవ పెట్టుకున్నారా?"

"ఫారం నింపాను. అంతే."

ఆయన ఆదుర్దాకి కారణం ఉంది. డ్రైవింగ్ స్కూలు లైసెన్సు గడువు మరో పది రోజుల్లో ముగుస్తుంది. దాన్ని పొడిగించాలంటే పన్నుల దగ్గర పెండింగు ఏదీ లేదన్న కాగితం కావాలి. లైసెన్సు ఆఫీసు కిటికీలో కూర్చున్నాయన వేలు ఊపుతూ మరీ చెప్పాడు, ఆ కాగితం మీద 'పూర్తయింది' అని తప్ప ఇంకేమున్నా తీసుకోనని. ఆ స్కూలుకి ఉన్నది ఒకే కారు, ఒకే మాస్టారు. లైసెన్సు లేకపోతే అది రెండు బ్రేకులున్న మామూలు కారు, ఆయన పని లేని మామూలు మనిషి.

"ఏదో సవరణ అంటున్నారేమిటి బాబూ?" అని ముందు గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

ఆవిడ ముప్పై మూడేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. పని మానేసి చాలా కాలమైనా చేతిలోంచి ఎర్ర పెన్ను దిగలేదు. పొద్దున్నే పేపరు వచ్చిందంటే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తప్పులు దిద్ది, మడిచి, బల్ల మీద పెడతారు. వాటిని ఎవరికీ పంపరు.

"ఏం లేదత్తయ్యా, కారుకి చిన్న సవరణ," అన్నారు మాస్టారు తడుముకోకుండా.

"కారుకి సవరణ ఉండదు. మరమ్మతు ఉంటుంది," అని అత్తగారు పేజీ తిప్పారు.

మాస్టారు స్నానం వాయిదా వేసుకుని పన్నుల ఆఫీసుకి ఫోను చేశారు. వరుసలో ఆయన ముప్పై ఏడో వారని ఒక యంత్రం చెప్పి సంగీతం పెట్టింది. ఎనిమిదిన్నరకి ఇరవై రెండు. స్నానం వదిలేసి చొక్కా మార్చుకున్నారు. తొమ్మిదికి కారెక్కేసరికి ఎనిమిది.

మొదటి పాఠం వీధి చివరి మందుల షాపావిడది. మంచి మనిషి, కానీ డ్రైవింగ్ పరీక్ష అప్పటికి రెండుసార్లు పోయింది. రెండో గేరు దాటితే ఆవిడకి గుండె దడ. స్టీరింగుని గట్టిగా పట్టుకుని, రోడ్డు మీద తప్ప అన్ని చోట్లా దృష్టి పెట్టగల నేర్పు ఆవిడది.

మార్కెట్టు దాటాక ఫోనులో సంగీతం ఆగింది. మాస్టారు గబుక్కున చెవి దగ్గర పెట్టుకున్నారు. అవతల మాట్లాడుతున్న ఉద్యోగిని గొంతు ఆయన ఒక్కరికే వినిపిస్తోంది. మందుల షాపావిడకి వినబడింది మాత్రం ఇది:

"ఆ, నమస్తే అమ్మా. మా అత్తగారి విషయం. ఆవిణ్ణి తీసేయమని తొమ్మిది వారాల కిందటే పంపాను... అవును, అత్తగారినే. ఒక్కరినే. ఇంకెవరినీ కాదు."

కారు కొంచెం పక్కకి ఒరిగింది.

"స్టీరింగు తిన్నగా పట్టుకోండి," అన్నారు మాస్టారు ఆవిడతో. మళ్ళీ ఫోనులోకి, "సర్దుబాటు అయిందంటే ఏమిటమ్మా, సగం అయినట్టా? ఇంకా పూర్తిగా తీసేయలేదు కదా? నాకు ఈ నెలాఖరులోగా అయిపోవాలి. అంతకన్నా ఆగలేను... లేదు లేదు, ఆవిడకి తెలీదు. మా ఆవిడకి తెలుసు. అసలు ఆవిడకి చెప్పొద్దని అన్నదే మా ఆవిడ."

మందుల షాపావిడ ఆ కుటుంబాన్ని పదేళ్ళుగా ఎరుగుదును అనుకుంటోంది. పెద్దావిడకి రక్తపోటు మాత్రలు ఇచ్చేది తనే. మొన్న మంగళవారం మాస్టారికి ఎలకల మందు అమ్మినదీ తనే. కారులో తీగలు కొరికేస్తున్నాయని చెప్పి రెండు పొట్లాలు పట్టుకెళ్ళారు. రెండు!

ఫోనులో ఉద్యోగిని అంటోంది: "సార్, ఒక్క మాట జాగ్రత్తగా వినండి. తొందరపడి ఇంకో సవరణ మాత్రం పంప..."

సరిగ్గా అప్పుడే మాస్టారు, "గుట్టుగా అయిపోతే చాలమ్మా," అన్నారు. మందుల షాపావిడ రెండు కాళ్ళూ ఎత్తి బ్రేకు మీద వేసింది. కారు కీచుమని ఆగింది. ఫోను మాస్టారి చేతిలోంచి ఎగిరి, ముందు అద్దానికి తగిలి, సీటు కిందికి దూరిపోయింది. ఆయన వంగి, మోకాలు చెక్కుకుని, తీసి చూసేసరికి లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే వరుసలో ఆయన నలభై ఆరో వారట.

మాస్టారికి బ్రేకు సంగతే పట్టలేదు. ఆయన మనసంతా ఆ తెగిపోయిన మాట మీదే ఉంది. పంప... పంపండి అనబోయిందా? పంపకండి అనబోయిందా? చివర్లో వచ్చే ఒక్క ముక్క మీద ఆధారపడ్డాయి ఆయన లైసెన్సూ, కారూ, బతుకుతెరువూ.

"మీరు చెప్పండమ్మా. ఎవరైనా 'ఇంకోటి పంప' అని ఆగిపోతే మీరేమనుకుంటారు? పంపమన్నట్టా, వద్దన్నట్టా?"

"ఎక్కడికి పంపడం మాస్టారూ?" అంది ఆవిడ సన్నగా.

"పైకి. పైవాళ్ళకి. ఇక్కడ కింద ఉన్నవాళ్ళ చేతుల్లో ఏమీ లేదండీ, అంతా పైనే."

మందుల షాపావిడ తలుపు తీసింది. "నేను షాపుకి తాళం వేశానో లేదో గుర్తు రావట్లేదు," అని కారుని నడిరోడ్డు మీద, ఇంజను ఆడుతుండగానే వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచి వెళ్ళిపోయింది. మాస్టారు ఆవిడ వెళ్ళిన వైపే కాసేపు చూసి, పరీక్ష భయం అనుకున్నారు.

పదకొండింటికి, రెండో పాఠానికీ మూడో పాఠానికీ మధ్య, కారు చెట్టు నీడన ఆపుకుని ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. ప్రభుత్వం వాళ్ళు ఎప్పుడూ ఇంకో కాగితం పంపమనే అంటారు గానీ వద్దని ఎక్కడైనా అన్నారా? కాబట్టి అది 'పంపండి' అయి తీరాలి. ఫోనులోనే రెండో సవరణ రిటర్ను తెరిచారు. అన్నీ నింపారు. ఆఖరున 'మార్పునకు కారణం' అన్న గడి వచ్చింది. పట్టేది ఇరవై అక్షరాలే.

మొదట, 'అత్తగారు ఇక మా ఇంట్లో ఆధారపడి ఉంటున్నవారి జాబితాలో లేరు' అని రాశారు. ఎర్రగా మెరిసి వద్దంది. 'ఆధారపడి ఉంటున్నవారి' తీసేశారు. వద్దంది. 'మా ఇంట్లో' తీసేశారు. 'జాబితాలో' కూడా తీసేశారు. ఈసారి గడి పచ్చగా మారింది. 'అత్తగారు ఇక లేరు.' ఇంత చిన్న వాక్యంలో ఎంత పొందిగ్గా ఇమిడిందో అని తనని తాను మెచ్చుకుని, పంపేసి, పొద్దున్నే జరిగిన ప్రమాదం దృష్ట్యా ఫోను నోరు నొక్కి డాష్‌బోర్డు పెట్టెలో పడేసి, మూడో పాఠానికి వెళ్ళిపోయారు.

అదే సమయానికి అత్తగారు మాత్రల కోసం మందుల షాపుకి వచ్చారు. షాపావిడ మాత్రలు సంచిలో వేయకుండా చేత్తోనే పట్టుకుని నిలబడింది.

"పిన్నిగారూ, మీ ఇంట్లో అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా. ఏం?"

"అల్లుడుగారితో ఏమైనా మాటా మాటా వచ్చిందా?"

"ఆయనకి మాటలే తక్కువ. ఇంకా మాటా మాటా కూడానా?"

షాపావిడ అటూ ఇటూ చూసి కౌంటరు మీదికి వంగింది. "పొద్దున్న ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాను. మిమ్మల్ని తీసేయమంటున్నారు."

"తీసేయమనా? ఎక్కణ్ణించి?"

"అది చెప్పలేదు. నెలాఖరులోగా అయిపోవాలట. మీకు తెలీకూడదట. మీ అమ్మాయికి తెలుసట. మొన్న రెండు పొట్లాలు ఎలకల మందు కూడా పట్టుకెళ్ళారు పిన్నిగారూ."

"ఎలకలు కూడా రెండు ఉన్నాయి మరి," అన్నారు అత్తగారు. మాత్రలు తీసుకుని, డబ్బిచ్చి, మెట్లు దిగారు.

ఎలకల మందు సంగతి ఆవిడ సగం దారిలోనే మర్చిపోయారు. కానీ ఆ 'తీసేయమన్నారు' అన్న మాట చెప్పులో రాయిలా ఇంటిదాకా వచ్చింది. ప్రూఫులో ఒక మాట అక్కర్లేదనుకుంటే దాని మీద గీత కొట్టి, మార్జిన్లో చిన్న సున్నా చుడతారు. అంతే, ఆ మాట పని అయిపోయినట్టే. తన చేత్తో అలా ఎన్ని వేల మాటలు తీసేసి ఉంటారో! వాటిలో ఒక్క దాని గురించి కూడా ఆవిడ రెండోసారి ఆలోచించలేదు. ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని ఇప్పుడు ఆలోచించారు. కూతురికి తెలుసట. అది ఎక్కువ గుచ్చుకుంది.

బల్ల మీద ఉన్న టాబ్లెట్ టింగుమంది. అది ఇంట్లో అందరిదీ. మాస్టారి ఉత్తరాలు కూడా అందులోనే కనిపిస్తాయి. ఆవిడ అద్దాలు సర్దుకుని చదివారు.

'మీ అత్తగారి మృతికి మా ప్రగాఢ సంతాపం. మీ సవరణ రిటర్ను పరిశీలన నిలిపివేయబడింది. దయచేసి మరణ దృవపత్రం జతచేయగలరు.'

అత్తగారు దాన్ని రెండుసార్లు చదివారు. మొదటిసారి తన చావు వార్తలా, రెండోసారి ప్రూఫులా. తర్వాత లేచి, జుట్టు సర్దుకుని, సంచిలో డైరీ, గుర్తింపు కార్డు, ఎర్ర పెన్ను వేసుకుని, ఒక చీటీ రాసి పెట్టి, బస్సు కోసం వెనక వీధిలోకి వెళ్ళారు.

ఒంటిగంటన్నరకి మాస్టారు భోజనానికి వచ్చేసరికి గుమ్మం ముందు మందుల షాపావిడ నిలబడి ఉంది. అప్పటికి పదిసార్లు బెల్లు కొట్టిందట, లోపల అలికిడి లేదట. ఆయన్ని చూడగానే రెండడుగులు వెనక్కి వేసింది.

"పిన్నిగారు ఏరీ?" అంది.

"ఇంట్లోనే ఉంటారు. నిద్రపోతున్నారేమో," అంటూ మాస్టారు తన తాళంచెవితో తలుపు తీశారు.

ఆ 'నిద్ర' అన్న మాట షాపావిడకి అస్సలు నచ్చలేదు. ఆయన కన్నా ముందు లోపలికి దూసుకెళ్ళింది. గదులన్నీ ఖాళీ. బల్ల మీద టాబ్లెట్ వెలుగుతోంది. ఆవిడ చదివింది, కెవ్వుమని అరిచింది.

"అయ్యో! అయిపోయిందా! నెలాఖరు దాకా కూడా ఆగలేదా మాస్టారూ!"

మాస్టారు ఆ ఉత్తరం చదివారు. కుర్చీలో కూలబడ్డారు. కారణం గడి, పచ్చగా మారడం, తను మురిసిపోవడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకి వచ్చాయి. "చంపేశాను. ఆవిణ్ణి నా చేతులతో నేనే చంపేశాను," అన్నారు.

షాపావిడ పూలకుండీ ఎత్తింది.

"కాగితం మీద! కాగితం మీదండీ!" అని మాస్టారు చేతులు అడ్డం పెట్టుకుని సంగతంతా గబగబా చెప్పారు. చెబుతుండగానే టాబ్లెట్ కింద చీటీ కనబడింది. ఎర్ర సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలు: 'మీ పన్నుల ఆఫీసుకి వెళ్తున్నాను. వంట అయింది, తినండి. దృవపత్రం కాదు, ధ్రువపత్రం.'

"ఇది మీరే రాసి ఉండొచ్చు," అంది షాపావిడ, కుండీ దించకుండా.

"నాకు ధ్రువపత్రం రాయడం వస్తే ఇంత దూరం వచ్చేదా?"

ఆ మాటలో ఆవిడకి నిజం కనిపించింది. అయినా పూర్తిగా కాదు. "సరే, పదండి ఆఫీసుకి. మిమ్మల్ని ఒక్కరినీ పంపను. కారు నేనే నడుపుతాను. మీ చేతులు రెండూ నాకు కనబడేలా పెట్టుకోండి."

దారిలో మాస్టారు భార్యకి ఫోను చేశారు. ఆవిడ లైబ్రరీలో పని చేస్తుంది, అక్కడ గట్టిగా మాట్లాడకూడదు. అందుకని, "అమ్మని చంపేశారా?" అని వీలైనంత మెల్లగా అడిగింది. ఆ గదిలో చదువుకుంటున్నవాళ్ళందరూ తలలెత్తి చూశారట. తర్వాత చెప్పింది.

మందుల షాపావిడ మొదటి గేరు వేసింది, రెండో గేరు వేసింది. కూడలి దగ్గర ఏ దడా లేకుండా మూడో గేరు, వంతెన మీద నాలుగో గేరు. అద్దాలు చూసుకుంది, సైగలు ఇచ్చింది, ముందు వెళ్తున్న లారీని ఒద్దికగా దాటింది. మాస్టారు చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. తన వైపు బ్రేకు మీద కాలు పెట్టాలన్న సంగతే ఆయనకి తోచలేదు.

పన్నుల ఆఫీసులో నాలుగో కౌంటరు ముందు అత్తగారు నిటారుగా కూర్చుని ఉన్నారు. కౌంటరు మీద ఆఫీసువాళ్ళు ప్రజల కోసం అచ్చువేసిన కరపత్రం ఉంది. అప్పటికే దాని మీద పదకొండు ఎర్ర గుర్తులు పడ్డాయి. లోపల కూర్చున్న ఉద్యోగిని నుదురు తుడుచుకుంటోంది.

"నేను చెప్పేది అర్థం చేసుకోండమ్మా. సిస్టంలో మీరు లేరు."

"ఎదురుగా ఉన్నాను కదా."

"ఎదురుగా ఉన్నారండీ. కాదనను. సిస్టంలో లేరు."

"పిన్నిగారూ! ఉన్నారా! బతికే ఉన్నారా!" అంటూ షాపావిడ పరుగెత్తుకొచ్చి ఆవిణ్ణి వాటేసుకుంది.

ఉద్యోగిని ముఖం విప్పారింది. "మీరెవరో గానీ, ఆ మాటే ఈ కాగితం మీద రాసి సంతకం పెట్టండి. సాక్షి కావాలి."

మాస్టారు కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అత్తగారి వైపు చూసే ధైర్యం లేక ఉద్యోగిని వైపే చూస్తూ, పొద్దున్న తను వరుసలో ముప్పై ఏడో వాడిగా చేరి, చివరికి ఎవరితోనో మాట్లాడానని చెప్పారు. ఆవిడ కళ్ళు చిట్లించింది.

"బ్రేకు చప్పుడు వచ్చింది, మీరేనా? ఇంకో సవరణ పంపకండి అని చెప్పాను కదా సార్!"

"పంప... దాకానే వినిపించిందమ్మా."

ఉద్యోగిని రెండు చేతులూ బల్ల మీద పెట్టి, నెమ్మదిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. "అందింది అంటే మీ కాగితం మా దగ్గరికి చేరింది, ఇంకా ఎవరూ ముట్టుకోలేదు అని. సర్దుబాటు అయింది అంటే మీరు అడిగిన మార్పు మీ ఖాతాలో చేసేశాం అని. అసలు పని అక్కడితో సరి. పూర్తయింది అంటే ఆ సంగతి చెప్తూ మీకు ఉత్తరం పంపాం అని. మీ మార్పు నిన్ననే చేసేశాం సార్. ఈ రోజు సాయంత్రం ఉత్తరం వెళ్ళాలి. ఊరుకుని ఉంటే రేపు పొద్దున్నే మీకు 'పూర్తయింది' అని కనిపించేది. ఈలోగా మీరు ఈవిణ్ణి చంపేశారు."

అప్పుడే లైబ్రరీ నుంచి భార్య ఆయాసపడుతూ వచ్చింది. తల్లిని చూసి, ఆ చూపుకి నిలబడలేక కళ్ళు దించుకుంది.

"నన్ను తీసేశారని కాదు. నాకు చెప్పకుండా తీసేశారు. అడిగితే నేనే పెన్ను తీసి గీత కొట్టేదాన్ని కదా," అన్నారు అత్తగారు.

"రోజులు తక్కువయ్యాయి అత్తయ్యా," అన్నారు మాస్టారు. "సగం ఏడాది దాటాలట. లెక్కపెడితే నూట డెబ్భై ఎనిమిదే వచ్చాయి. మీరు బాధపడతారని చెప్పలేదు."

"ఎన్ని?"

"నూట డెబ్భై ఎనిమిది."

అత్తగారు సంచిలోంచి చిన్న డైరీ తీశారు. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పారు. "తప్పు. నూట ఎనభై తొమ్మిది."

"మేమిద్దరం కేలండరు చూసి లెక్కపెట్టామమ్మా," అంది కూతురు. "మేము ఊరి నుంచి వచ్చిన రోజునే కదా నువ్వు అక్క దగ్గర్నుంచి వచ్చావు?"

అత్తగారు డైరీ మూశారు. "అంతకు ముందు పదకొండు రోజులు, నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని, మీ ఇంట్లోనే ఉన్నాను. అక్కడ ఇంటికి రంగులు వేస్తున్నారు, వాసనకి ఊపిరి ఆడలేదు. మీరు అరుదుగా ఊరెళ్ళారు, సరదాగా ఉన్నారు. ఒక్కదాన్నే వచ్చి కూర్చున్నానంటే తిరుగు ప్రయాణం కడతారని చెప్పలేదు. మీరు వచ్చే రోజున సంచి గుమ్మంలో పెట్టుకుని అప్పుడే దిగినట్టు కూర్చున్నాను."

మాస్టారికి ఆ రోజు బాగా గుర్తుంది. ఇల్లు అద్దంలా ఉంటే, తాళం వేసిన ఇల్లు ఎంత శుభ్రంగా ఉంటుందో అని తను భార్యతో అన్నారు కూడా. ఆయన కౌంటరు వైపు తిరిగారు. "అమ్మా, అయితే మొదట నేను పంపిందే సరైనది. అత్తగారిని చేర్చేయండి. ఇప్పుడే, ఇక్కడే."

"చేర్చొచ్చు సార్. ఇంకో సవరణ పెట్టాలి. మళ్ళీ 'అందింది' దగ్గర మొదలవుతుంది. పదహారు వారాలు పట్టొచ్చు."

"ఏవండీ, లైసెన్సు!" అంది భార్య.

"లైసెన్సు పోతే పోనీ. అత్తయ్యని తీసేసిన కాగితం పట్టుకెళ్ళి ఆ కిటికీ దగ్గర నేను నిలబడలేను," అన్నారు మాస్టారు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన అంత గట్టిగా మాట్లాడటం భార్య అదే మొదటిసారి వినడం. పక్క కౌంటరులో టోకెను పట్టుకున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

అత్తగారి పెదవి కొస కదిలింది. ఆవిడ ఉద్యోగిని వైపు చూశారు. "ఏమ్మా, సవరణ పెట్టుకోవడానికి గడువెంత?"

"మూడేళ్ళండి."

"మూడేళ్ళ దాకా నేను ఎక్కడికీ పోయే ఉద్దేశం లేదు. చూడండి బాబూ, ముందు నన్ను బతికించే కాగితం రాయించండి. ఆ రెండో సవరణ వెనక్కి తీసుకోండి. మొదటిది పూర్తి చేయించుకుని లైసెన్సు తెచ్చుకోండి. వచ్చే నెల తీరిగ్గా నన్ను మళ్ళీ చేర్చుకోండి. ఒకసారి తీసేసిన మాటని మళ్ళీ ఉంచమనడానికి కూడా ఒక గుర్తు ఉంది. కింద చుక్కలు పెడతాం. రోజూ పెట్టేవాళ్ళం."

షాపావిడ సాక్షి సంతకం పెట్టింది. మాస్టారు, 'నా అత్తగారు సజీవులు, నేను రాసిన వాక్యమే పొరపాటు' అని రాసిచ్చారు. అత్తగారు దాన్ని అందుకుని చదివి, ఒక చోట కామా చేర్చి ఇచ్చారు. ఉద్యోగిని పావుగంట టకటకలాడించి, లోపలికి వెళ్ళి పెద్ద అధికారిని అడిగి వచ్చి, చివరికి ఒక కాగితం తీసి చేతికిచ్చింది. అందులో నల్లటి అక్షరాలతో 'పూర్తయింది' అని ఉంది. మాస్టారు ఆ మాటని చూపుడువేలితో ఒకసారి తడిమారు.

ఆఫీసు మూసే లోపల లైసెన్సు కిటికీ దగ్గరికి చేరుకోగలిగారంటే అది మందుల షాపావిడ పుణ్యమే. ఆ మధ్యాహ్నమంతా కారు ఆవిడే నడిపింది. వెనక సీట్లో తల్లీకూతుళ్ళిద్దరూ చాలా కాలం తర్వాత భుజానికి భుజం ఆనించి కూర్చున్నారు.

సాయంత్రం ఆరున్నరకి, నలుగురూ మాస్టారి ఇంట్లో చల్లారిన అన్నం వేడి చేసుకుని తింటుండగా, తలుపు దబదబా చప్పుడయింది. మాస్టారు తీశారు. ఎదురుగా తోడల్లుడుగారు. చొక్కా బొత్తాలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నారు, కళ్ళు ఎర్రబడ్డాయి. మాస్టారి రెండు చేతులూ పట్టుకుని బావురుమన్నారు.

"ఎంత పని జరిగింది! ఒక్క ఫోను చేయలేకపోయారా? ఇంత పెద్ద విషయం నాకు ఆ ఆఫీసువాళ్ళ ఉత్తరం చూసి తెలియాలా? మీ వదినగారికి ఇంకా చెప్పనేలేదు. ఎలా చెప్పాలో తెలీక తిన్నగా ఇటే వచ్చేశాను."

"ఏ ఆఫీసువాళ్ళు బాబూ?" అని వెనకనుంచి అత్తగారు, చేయి కడుక్కుని తుడుచుకుంటూ వచ్చారు.

తోడల్లుడుగారి ఏడుపు మధ్యలోనే నిలిచిపోయింది. ఆవిణ్ణి చూసి ముందు వణికారు, తర్వాత సంతోషించారు, ఆ తర్వాత ప్రశ్న అర్థమయి మళ్ళీ వణికారు. "పన్నుల ఆఫీసు వాళ్ళు... అంటే... నా రిటర్నులో కూడా మీ పేరు..." అని సణిగారు.

అత్తగారు డైరీ తెరిచారు. "మీ ఇంట్లో ఉన్నది నూట డెబ్భై ఆరు రోజులు బాబూ. అందులో రంగుల వాసన పీల్చినవి నాలుగు."

మర్నాడు పొద్దున్నే తోడల్లుడుగారు కూడా ఒక సవరణ రిటర్ను పంపారు. పంపేముందు అత్తగారికి చూపించి దిద్దించుకున్నారు.